నెత్తురు ఆగిపోయిందని కెమెరా పరీక్ష ఆపొద్దు



"పోయిన నెల రాంగోపాల్‌పేట్‌ల నాలుగు రోజులు ఉన్నవట, కొత్త మోటారు కొన్నవా అన్నా" అని ముగ్గురు నలుగురు ఫోన్ చేసి అడిగారు. వాళ్ళ తప్పు కాదు. మన దిక్కు రైతు రాంగోపాల్‌పేట్ పోయిండంటే రాణిగంజ్‌లో మోటారో, స్టార్టరో, పైపులో అనే అనుకుంటారు. నేను పోయింది పేగు పరీక్షకు. పత్తి, వరి, యూరియా గురించి రాసే చోట పేగుల గురించి రాయాల్నా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఇది నలుగురిలో చెప్పుకునే జబ్బు కాదు. చెప్పుకోరు కాబట్టే దీని గురించి తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే రాస్తున్నాను. కొంచెం పొడుగు ఉంటది, ఓపిక చేసుకోండి. అన్నం తినేటప్పుడు మాత్రం చదవకండి.

నాకున్నది అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురూ జిగటా పడే జబ్బు. 2009 వానాకాలం నాట్లప్పుడు మొదలైంది. అప్పుడు నాకు 38 ఏళ్ళు. రోజుకు పది పన్నెండు సార్లు పోవాల్సి వచ్చేది. బురదమడిలో గొర్రు తోలుతూ సగంలో ఎడ్లను ఆపి గట్టు మీదికి ఉరికిన రోజులున్నాయి. మా దిక్కు నెత్తురు పడితే మొలలు అంటారు, జిగట పడితే అమీబా అంటారు. నాకు రెండూ పడ్డాయి కాబట్టి రెండిటికీ మందులు మింగించారు. 2012లో సికింద్రాబాద్‌లో కొలనోస్కోపీ చేసి, పేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తే అప్పుడు అసలు పేరు తెలిసింది. మెసాలమైన్ గోళీలు రాశారు, కొన్ని నెలలు స్టెరాయిడ్ కూడా వాడాను. 2013 నుంచి, రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి తిరగబెట్టడం తప్ప, బాగానే ఉన్నాను.

ఇది అంటురోగం కాదు. నా పక్కన కూచుని తింటే మీకు రాదు. కారం తిన్నందుకో కల్లు తాగినందుకో వచ్చింది కూడా కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే దారి తప్పి సొంత పేగు మీద పడుతుందని డాక్టర్లు చెప్తారు. ఇట్లాంటిదే క్రోన్స్ అని ఇంకొకటి ఉంది. రెండూ మొత్తానికి పోయేవి కావు. మందులతో అణిగి ఉంటాయి.

ఇది పట్నం వాళ్ళ జబ్బు, బర్గర్లు తినేవాళ్ళ జబ్బు అని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్‌లో డాక్టర్ నాగేశ్వర్‌రెడ్డి గారు పెట్టిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ డాక్టర్లు పేగు ఇబ్బందులతో వచ్చిన ముప్పై వేల మందికి పైగా చూసి 2023లో ఒక పరిశోధన అచ్చు వేశారు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళలో కూడా ఈ జబ్బు పట్నం వాళ్ళతో దాదాపు సమానంగానే కనిపించింది. అంటే మన ఊర్లలో ఉన్నది. మొలల పేరుతోనో అమీబా పేరుతోనో ఉన్నది.

ఇక అసలు సంగతికి వస్తాను. 2012లోనే డాక్టర్ మేడం నా ఫైలు అట్ట మీద ఒక అంకె రాసి చుట్టూ గీత గీసింది. 2017. "ఇదేందమ్మా" అంటే, "నీకు నెత్తురు మొదట పడింది 2009లో. ఎనిమిది కలుపు. ఆ ఏడు నువ్వు మంచిగున్నా సరే వచ్చి మళ్ళీ కెమెరా పరీక్ష చేయించుకోవాలె" అన్నది. పేగు పొర ఏళ్ళ తరబడి వాస్తూ మానుతూ ఉంటే, కొత్త కణాలు పుడుతూ పుడుతూ ఎక్కడో ఒక దగ్గర దారి తప్పుతాయి. అది క్యాన్సర్‌కు దారి తీయొచ్చు. ఈ ముప్పు మొదటి ఏళ్ళల్లో పెద్దగా ఉండదు, 8 నుంచి 10 ఏళ్ళు దాటినాక పెరుగుతుంది.

ఆ లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది మంచిగా గుర్తుపెట్టుకోండి. జబ్బుకు డాక్టరు పేరు పెట్టిన రోజు నుంచి కాదు, ఒంట్లో మొదటిసారి కనిపించిన రోజు నుంచి. నా లెక్కలో ఆ తేడా మూడేళ్ళు. మొలలని, అమీబా అని తిరిగిన ఏళ్ళు కూడా పేగు లెక్కలో ఉంటాయి.

ఎంత ముప్పు అని మీరు అడుగుతారు. 2001లో ఇంగ్లండ్ డాక్టర్లు అప్పటిదాకా వచ్చిన 116 పరిశోధనలు కలిపి లెక్క తీశారు. ఈ జబ్బున్న వంద మందిలో పదేళ్ళకు ఇద్దరికి, ఇరవై ఏళ్ళకు ఎనిమిది మందికి, ముప్పై ఏళ్ళకు పద్దెనిమిది మందికి పెద్దపేగు క్యాన్సర్ వస్తున్నట్టు తేలింది. తర్వాత వచ్చిన లెక్కల్లో ముప్పు ఇంత లేదు, తగ్గింది. మందులు మెరుగుపడ్డాయి, ఈ పరీక్షలు కూడా పెరిగాయి. కాబట్టి చదివి గుండె పట్టుకోవద్దు. కానీ "వంద మందిలో ఎనిమిదే కదా" అని తీసేసేది కూడా కాదు. మొలక శాతం వందకు ఎనిమిది తగ్గితే విత్తనాల దుకాణం ముందు కొట్లాడేది మనమే కదా.

అందరికీ ఒకే ముప్పు ఉండదు. పుండు మలద్వారం దగ్గరి చివరి భాగం వరకే ఉన్నవాళ్ళకు మామూలు మనిషి కంటే ముప్పు ఎక్కువ లేదంటారు. పేగు మొత్తం పాకినవాళ్ళకు ఎక్కువ. వాపు ఎప్పుడూ తగ్గకుండా రగులుతూనే ఉన్నవాళ్ళకు ఇంకా ఎక్కువ. తండ్రికో తోబుట్టువుకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే అదీ కలుస్తుంది. ఇంకొకటి, దీనితో పాటు కొందరికి లివర్ నుంచి పిత్తం వచ్చే నాళాలు బిగుసుకుపోయే జబ్బు వస్తుంది. వాళ్ళు ఎనిమిదేళ్ళు చూడొద్దు, తెలిసిన రోజు నుంచే ఏడాదికోసారి చేయించుకోవాలి. క్రోన్స్ ఉన్నవాళ్ళలో పెద్దపేగుకు చాలా మేర పాకితే ఇవే లెక్కలు. ముప్పును బట్టి కొందరికి ఏడాదికి, కొందరికి మూడేళ్ళకు, కొందరికి ఐదేళ్ళకు రమ్మంటారు. అది మీ డాక్టరు చెప్పాల్సిన మాట, నేను కాదు.

"మంచిగనే ఉన్న కదా, ఎందుకు" అనేదే అందరి ప్రశ్న. పత్తి పెట్టినవాళ్ళకు నేను ఒకటే చెప్తాను. గులాబీ పురుగు పడ్డ కాయ బయటికి ఎట్లుంటది? పచ్చగా, నున్నగా, మంచి కాయ లెక్కనే ఉంటది. చిన్న పురుగు లోపలికి పోయినాక బెజ్జం కూడా పూడుకుపోతుంది. అందుకే వ్యవసాయ అధికారులు చేను నాలుగు దిక్కులా తిరిగి ఇరవై కాయలు కోసి పగలగొట్టి చూడమంటారు. ఈ పరీక్ష కూడా అంతే. కెమెరాతో పేగు మొత్తం చూస్తారు, అనుమానం ఉన్న దగ్గరే కాకుండా బాగున్నట్టు కనిపించే దగ్గర కూడా అక్కడక్కడ ముక్కలు తీస్తారు. ఇప్పుడు కొన్నిచోట్ల నీలం రంగు నీళ్ళు పేగు గోడ మీద చల్లి చూస్తున్నారు. మడికి నీళ్ళు పెడితే ఎక్కడ మిట్ట, ఎక్కడ పల్లం తెలిసిపోయినట్టు, రంగు పల్లాల్లోకి దిగి, కంటికి ఆనని చిన్న ఎత్తు కూడా బయటపడుతుంది.

మంచిగున్నప్పుడే పోవడానికి ఇంకో కారణం ఉంది. పేగు వాచి ఎర్రగా ఉన్నప్పుడు తీసిన ముక్కలో ఏది వాపు, ఏది చెడు మార్పు అని చెప్పడం కష్టం. అణిగి ఉన్నప్పుడు తీస్తేనే తేటగా తెలుస్తుంది. జబ్బు తిరగబెట్టినప్పుడు చేసిన పరీక్ష వేరు, ఈ కాపలా పరీక్ష వేరు. "మొన్ననే నెత్తురు పడితే కెమెరా పెట్టిండ్రు కదా" అని ఆ లెక్కలో వేసుకోకండి, డాక్టర్‌ను అడగండి.

ఇక రాంగోపాల్‌పేట్ సంగతి. పరీక్ష కంటే ముందురోజు రాత్రే కష్టం. పేగు కడిగినట్టు కావాలంటే మందు పొడి కలిపిన నీళ్ళు లీటర్ల లెక్కన తాగాలి. తాగిన గంటకు మొదలవుతుంది, ఇక తెల్లారేదాకా అదే పని. మా ఊరి నుంచి జేబీఎస్‌కు బస్సులో రెండున్నర గంటలు. ఆ మందు తాగి బస్సు ఎక్కడం కాని పని. పల్లెల నుంచి చాలామంది ఈ పరీక్షకు వెనుకాడేది ఇక్కడే అని నా అనుమానం. భయం ఒక ఎత్తు, రాత్రి ఎక్కడుండాలన్నది ఒక ఎత్తు. లాడ్జీ తీసుకుంటే ఇంకో ఖర్చు.

నా అదృష్టం, మా అక్క కొడుకు రాణిగంజ్‌లో మోటార్ల వైండింగ్ పని చేస్తాడు. నల్లగుట్టలో ఒక గదిలో కిరాయికి ఉంటాడు. గది అంటే పదడుగులు. ఆ వాకిట్లో నాలుగు కుటుంబాలు, అందరికీ కలిపి ఒక్కటే బాత్రూం. 2017లో మొదటిసారి పోయినప్పుడు ఆ బాత్రూం చూసి, ఇక్కడ ఎట్లరా అన్నాను. వాడు ఏం సిగ్గు పడకుండా వాకిట్లో నిలబడి, "మా మామకు రేపు పరీక్ష ఉన్నది, ఈ రాత్రి బాత్రూం మా మామది" అని అందరికీ వినబడేటట్టు చెప్పిండు. నాకు భూమిలోకి పోయినట్టయింది. ఎదురింటి పెద్దమ్మ మాత్రం, "దానికేంది బిడ్డా, మా ఆయనకు కూడా ఇదే పరీక్ష అయింది. నీ చెప్పులు తలుపు ముంగట పెట్టు, చెప్పులుంటే ఎవరూ రారు" అన్నది. పిల్లలను ఎనిమిది గంటలకే తీసుకపోయి పండబెట్టిండ్రు. అప్పటి నుంచి ఎప్పుడు పోయినా అదే పద్ధతి. పట్నంలో ఎవరికి ఎవరూ కారంటారు గానీ, ఆ వాకిలి అట్ల కాదు.

పొద్దున ఐదింటికి మిగతా సగం మందు తాగి, ఖాళీ కడుపుతో మినిస్టర్ రోడ్డు దిక్కున్న ఆస్పత్రికి పోతాం. ఆస్పత్రి పేరు రాయను, నాకు అక్కడ కమీషన్ ఏం లేదు. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళకు గాంధీ ఆస్పత్రిలో, ఉస్మానియాలో పేగుల విభాగాలున్నాయి, ముందుగా పోయి తేదీ తీసుకోండి. నాకు ముక్కల పరీక్షతో కలిపి పది వేలు దాటింది. మత్తు సూది ఇస్తారు కాబట్టి నొప్పి తెలియదు. వెంట ఒక మనిషి తప్పనిసరి. ఆ రోజు బండి నడపొద్దు. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జొన్న రొట్టె, గింజలుండే టమాట, జామ వద్దంటారు. తెల్లన్నం, మజ్జిగ మంచిది. ఐరన్ గోళీలు వారం ముందే ఆపమంటారు. షుగరు మందులు, నెత్తురు పలచన చేసే మందులు వాడేవాళ్ళు ముందే చెప్పాలి, సొంతంగా ఆపొద్దు. నీళ్ళు పోసినట్టు తేటగా పోయేదాకా తాగాలి. పేగు మురికిగా ఉంటే డాక్టరుకు ఏం కనిపించదు, తిప్పి పంపుతారు, పది వేలూ వృథా.

2017లో బాగుంది అన్నారు. మూడేళ్ళకు రమ్మన్నారు. 2020లో కరోనా, 2021 జనవరిలో పోయాను. బాగుంది. 2024 జనవరిలో పోయినప్పుడు బాగుంది అనలేదు. పెద్దపేగు కుడి దిక్కున, రంగు నీళ్ళు చల్లినాక, గోరంత మచ్చ కనిపించిందట. అప్పుడే కోసి తీసేసి పరీక్షకు పంపిండ్రు. రిపోర్టు వారం దాటినాక వస్తది అన్నారు.

మధ్యలో సంక్రాంతి వచ్చింది. మా ఇంటామె సకినాలు చేస్తూ ఒక్క మాట అడగలేదు. అడగలేదంటేనే తెలుస్తుంది కదా. నేను రాత్రిళ్ళు లెక్క వేసుకునేవాణ్ణి. ఆ మచ్చలో మార్పు ముదిరి ఉన్నా, పేగులో చాలాచోట్ల పాకి ఉన్నా పెద్దపేగు మొత్తం తీసేయాల్సి రావొచ్చని మేడం ముందే చెప్పింది. ఈ జబ్బులో పొర అంతా ఒక్క తీరే దెబ్బతిని ఉంటుంది కాబట్టి ముక్క కోసి అతికితే సరిపోదట. తర్వాత పొట్ట మీద సంచి, కొన్నాళ్ళకో శాశ్వతంగానో. మూడెకరాల్లో రోడ్డు దిక్కు ఎకరం అమ్మితే ఎంత వస్తది, బిడ్డ పెండ్లి అప్పు తీరినాక ఎంత మిగులుతది, సంచి పెట్టుకుని మందు పంపు భుజాన వేసుకోవచ్చా. ఇవే లెక్కలు. ఎనిమిదో రోజు మేనల్లుడు రిపోర్టు తీసుకుని ఫోన్లో చదివిండు. ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటి కూడబలుక్కుంటూ. "లో గ్రేడ్ డిస్‌ప్లేసియా" అని వచ్చింది. అంటే కణాలు దారి తప్పడం మొదలుపెట్టాయి, ఇంకా క్యాన్సర్ కాలేదు. అంచులు శుభ్రంగా ఉన్నాయి, మొత్తం వచ్చేసింది. ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు నెలలకు రా అన్నారు. జులైలో పోయాను, ఏమీ లేదు. ఇక ఏడాదికోసారి. పోయిన నెల పోయింది దానికే. ఈసారి కూడా శుభ్రంగా ఉంది.

ఆ మచ్చ ఉన్నన్ని రోజులు నాకు నొప్పి లేదు, నెత్తురు లేదు, బరువు తగ్గలేదు. మలం పరీక్షలో వాపు చూసే కాల్‌ప్రొటెక్టిన్ అనేదీ మామూలుగానే ఉంది. ఆ పరీక్ష మంచిదే, కానీ అది వాపు సంగతి చెప్తుంది, ఇట్లాంటి మచ్చ సంగతి చెప్పదు. కెమెరాకు బదులు అది సరిపోదు.

ఇంకో మాట. సర్కారు వాళ్ళు ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకు ఊర్లలో క్యాన్సర్ పరీక్షలు చేస్తున్నారు, ఆశ అక్కలు ఇంటికొచ్చి చెప్తున్నారు. మంచి పని, తప్పకుండా పోండి. కానీ అందులో ఉన్నవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. పేగు లేదు. ఇది ఎవరూ ఇంటికొచ్చి గుర్తుచేసేది కాదు. ఫైలు మీద అంకె రాసుకోవడమే. పాత రిపోర్టులు, ముక్క పరీక్ష కాగితాలు అన్నీ ఒక్క సంచిలో పెట్టి ప్రతిసారీ తీసుకపోండి. యూరియా సంచి అయినా పర్వాలేదు, పారేయొద్దు. పరీక్ష చేసే డాక్టరు కొత్తవారైతే "నాకు ఈ జబ్బు ఇన్నేళ్ళ నుంచి ఉంది, క్యాన్సర్ కాపలా కోసం వచ్చిన" అని నోటితో చెప్పండి. అప్పుడు చూసే చూపే వేరుగా ఉంటుంది. వచ్చేటప్పుడు మళ్ళీ ఎప్పుడు రావాలో రాయించుకోండి.

మా వాడకట్టులో ఒక తమ్ముడున్నాడు, గొర్లు కాస్తాడు. వాడికి 2012 నుంచి ఇదే జబ్బు. గోళీలు మానకుండా వాడతాడు, మనిషి గుండ్రాయి లెక్క ఉన్నాడు. వాడి లెక్కన ఎనిమిదేళ్ళు దాటి ఐదేళ్ళయింది. మూడు నెలల నుంచి చెప్తున్నాను. "అన్నా, లేని రోగాన్ని ఎందుకు దేవులాడుడు" అంటాడు. మొన్న నా రిపోర్టులు రెండూ, మచ్చ ఉన్నదీ, మచ్చ లేనిదీ, ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూసిండు. "గొర్లను ఎవరు చూస్తరు" అని అడిగిండు. అంటే వస్తా అన్నట్టే. మా చిన్నోడు చూస్తడు అన్నాను.

దసరా అయినాక తేదీ తీసుకున్నాం. మేనల్లుడికి ఫోన్ చేసి ఇద్దరం వస్తున్నం అంటే, "చాపలున్నయి మామా, కానీ ఇద్దరూ ఒక్కనాడే తాగుతరా" అని భయపడ్డడు. ఈసారి తాగేది వాడొక్కడే, నేను చెప్పులకు కాపలా అని చెప్పాను.